అడుగులు కొలిచి ఏసీ అమ్మడం ఆపండి

బెజవాడలో ఏసీ షాపుకు వెళితే ముందుగా అడిగేది: గది ఎన్ని అడుగులు? వంద చదరపు అడుగులకో టన్ను, పై అంతస్తయితే ఇంకో అర టన్ను. వేడి ఎటు నుంచి ఎంత దిగుతోందో చూడని ఈ పద్ధతిని లెక్క అనలేం.

12 అడుగులకు 12 గది తీసుకోండి. పైకప్పు 13.4 చదరపు మీటర్లు. ఏ పొరా లేని ఐదంగుళాల శ్లాబు యూ విలువ, అంటే ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు నుంచి దిగే వేడి, దాదాపు 3 వాట్లు. మే ఎండకు శ్లాబు 60 డిగ్రీలకు కాగిందనుకుందాం. గది 26లో ఉండాలంటే తేడా 34. గుణిస్తే సుమారు 1,360 వాట్లు. ఒక టన్ను ఏసీ గదిలోంచి లాగేయగలిగే వేడి 3,517 వాట్లే. ఐదింట రెండు వంతులు శ్లాబే మింగేసింది! పైన ఇంకో ఫ్లాటు ఉంటే ఇందులో చాలా భాగం ఉండదు. పైగా కాంక్రీటు వేడిని దాచుకుంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కింది సాయంత్రం ఆరింటికి, సరిగ్గా జనం ఇల్లు చేరే వేళకు దిగుతుంది. నీడలేని పడమటి కిటికీ ఉంటే, ఒకటిన్నర చదరపు మీటర్ల మామూలు అద్దం నుంచి మరో 600 వాట్లు. నిద్రపోయే ఇద్దరు మనుషులు కలిపి 200 దాటరు.

టన్ను ఎక్కువైతే నష్టమేంటి, రోహిణి కార్తెలో పనికొస్తుందిగా అంటారు షాపువాళ్లు. రోహిణి కార్తె రెండు వారాలు. ఉక్కపోత నెలల తరబడి. పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరచి కంప్రెసర్ ఆపేస్తుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూ కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే తోలుతుంది. చల్లగా ఉన్నా ఒళ్లు జిగటే. కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకోగల ఇన్వర్టర్ ఏసీ కొంత నయం, కానీ దాని వేగం తగ్గడానికీ ఒక హద్దుంది.

అదే శ్లాబు మీద రెండంగుళాల థర్మోకోల్ లాంటి గట్టి ఇన్సులేషన్ షీటు వేసి పైన కాంక్రీటు పోస్తే 1,360 కాస్తా 300 లోపుకు పడిపోతుంది. తెల్ల కూల్ రూఫ్ పూత సగానికి తగ్గించగలదు, దుమ్ము పట్టనంత కాలం.

మరి బిల్డర్ ఎందుకు వేయడు? ఖర్చు అతనిది, కరెంటు బిల్లు మనది కనుక. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, అంటే ఇళ్లలో కరెంటు ఆదాకు పెట్టిన నియమావళి, పైకప్పు యూ విలువ 1.2 దాటకూడదంది, కానీ 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే. బెజవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో 300 గజాల్లో లేచే అపార్ట్‌మెంట్‌కు ఆ బెడదే లేదు. గజాలతో పనిలేకుండా ప్లాను మంజూరుకే ఈ షరతు పెట్టాలి. అమ్మకం కాగితాల్లో కార్పెట్ ఏరియా పక్కనే యూ విలువా రాయించాలి.