ఈ-చలాన్ గారికి ఒక యూజర్ రాయు లేఖ

హైదరాబాద్, 2024 ఫిబ్రవరి.

మహారాజశ్రీ ఈ-చలాన్ గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ నా బండీ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఎండకు వాడరు, వానకు తడవరు, పండగ సెలవులు తీసుకోరు.

మన పరిచయం 2023 నవంబరులో, హైదరాబాద్ రోడ్డు మీద, ఒక కానిస్టేబుల్ గారి చేతిలోని ట్యాబ్‌లో జరిగింది. "ఆరు చలాన్లు పెండింగ్ ఉన్నయ్ సార్. సైడుకు పెట్టుండ్రి" అన్నాడాయన. నాకు నవ్వొచ్చింది. ఎవరి బండో చూసి ఉంటాడనుకున్నాను. నాకు ఒక్క మెసేజైనా వస్తే కదా! తర్వాత తెలిసింది, మెసేజ్‌లన్నీ సక్రమంగానే వెళ్ళాయట. బండి రిజిస్ట్రేషన్ రోజున షోరూమ్ కుర్రాడు ఫారంలో తన ఫోన్ నంబరు రాసుకున్నాడు. ఆ అబ్బాయి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో గానీ, నేను ఏ సిగ్నల్ దగ్గర గీత దాటానో, ఏ సాయంత్రం హెల్మెట్ లేకుండా తిరిగానో మా ఆవిడ కన్నా అతనికే బాగా తెలుసు. కెమెరాతో పట్టిన తప్పుకు పదిహేను రోజుల్లో నోటీసు పంపాలని 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ అని ఒకటి చేర్చారు. తమరు తప్పకుండా పంపే ఉంటారు. అతను తప్పకుండా చదివే ఉంటాడు.

మాట పూర్తి కాకముందే నా తాళంచెవి కానిస్టేబుల్ గారి చేతిలో ఉంది. తాళంచెవి లాక్కోవచ్చని చట్టంలో ఎక్కడుందో వెతుకుదామనుకున్నాను. లాయరు దగ్గరకి వెళ్ళాలంటే బండి కావాలి, బండి కదలాలంటే తాళం కావాలి.

పక్కన నాలాంటివాళ్ళు పదిమంది ఉన్నారు. ఆ పావుగంటలో మా మధ్య పుట్టినంత ఆప్యాయత పెళ్ళి పందిట్లో కూడా చూడలేదు. ఒకాయన తన భోజనం డబ్బా చూపించి "నాకు డ్యూటీ ఉందన్నా" అని అందరికీ చెబుతున్నాడు, ఒక్క కానిస్టేబుల్‌కి తప్ప. ఇంకొకాయన ఎవరో సీఐ గారికి ఫోన్ కలిపి, "ఒక్కసారి మాట్లాడండి సార్, ఒక్కసారి" అంటూ కానిస్టేబుల్ చెవి దాకా ఫోన్ చాచాడు. ఆయన కరోనా రోజుల్లో పక్కవాడు తుమ్మితే జరిగినట్టు ఒక అడుగు వెనక్కి జరిగాడు. ఒక కుర్రాడికి పదిహేడు పెండింగ్ ఉన్నాయని తేలింది. మేమంతా అతణ్ణి కొంచెం గౌరవంగా చూశాం. దూరంగా తెల్ల చొక్కాలు కనిపించగానే కొన్ని బండ్లు అక్కడికక్కడే వెనక్కి తిరిగి రాంగ్ రూట్లో పోతున్నాయి. అలా పోతూ ఎదురొచ్చేవాళ్ళకి హెడ్‌లైటు కొట్టి మరీ చెబుతున్నారు. మామూలు రోజుల్లో అడుగు దారి ఇవ్వని ఊరు ఇది.

తమరి ఆల్బమ్ ఫోన్లో తెరిచి చూసుకున్నాను. అబద్ధం ఎందుకు, ఆరింటిలో ఐదు నావే. మూడు హెల్మెట్ లేనందుకు. మూడూ పెరుగు ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళినప్పటివే. మా వీధి చివర రోడ్డు కాదని, మా ఇంటి వసారాయేనని నేను అప్పటిదాకా నమ్మేవాణ్ణి. ఒకటి స్టాప్ లైన్ దాటినందుకు. ఒకటి అద్దం లేనందుకు. ఆ ఫోటోలో నా బట్టతల ఎంత స్పష్టంగా పడిందంటే, అద్దం ఉంటే చూసుకునేవాణ్ణి కదా అనిపించింది. ఐదూ అక్కడే ఫోన్లో కట్టేశాను.

కడుతుంటే కనిపించింది ఆ మాట. ఫైను కాక ప్రతిదాని మీదా 35 రూపాయలు యూజర్ ఛార్జీ! ఐదింటికి 175. స్వామీ, నేను యూజర్‌నా? ఇన్నాళ్ళూ నేరస్థుణ్ణనుకుని కుమిలిపోతున్నాను. దొంగ ఇంటికొచ్చి దోచుకుని ఆటో ఖర్చులు అడిగాడంటే అర్థం ఉంది, వాడు పాపం ప్రైవేటు. యూజర్ అన్నాక నాకూ కొన్ని హక్కులుండాలి. ఫోటో ఇంకో యాంగిల్లో తీయమనవచ్చా? ఐదు కడితే ఆరోది ఉచితమా?

ఆరోది ఉచితం కాదు. ఆరోది నాది కూడా కాదు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

నేను ఏనాడూ వెళ్ళని ఒక చౌరస్తా. ఒక స్కూటర్. నడిపేది ఒక ఆడమనిషి, తల మీద హెల్మెట్ లేదు. వెనక సీటు మీద స్కూలు యూనిఫాంలో ఒక పిల్ల, మెడ తిప్పి నేరుగా కెమెరాలోకి చూస్తోంది. నంబరు ప్లేటు మీద బురద చుక్క పడి ఎనిమిదిలో సగం మూసుకుపోయి మూడులా కనిపిస్తోంది. ఆ మూడు నాది. నాకున్నది మోటార్‌సైకిల్, నాకు జడ లేదు. ఇవి రెండూ తమరి దృష్టికి రాలేదు.

కానిస్టేబుల్ గారు నవ్వి "అది స్టేషన్ల చెప్పుకోండ్రి సార్" అని తాళం ఇచ్చేశారు. పాపం ఆయన తప్పేముంది? రోజంతా పొగలో నిలబడి, కెమెరా కంట్లోంచి మా నంబరు ప్లేట్లు చదవడమే ఉద్యోగం. మా నంబరు ప్లేట్లంటే తెలుసు కదా. కొన్ని పైకి వంచి ఆకాశానికి చూపిస్తుంటాయి. కొన్నింటిని వెనక కూర్చున్నవాడు అరచేత్తో మూస్తాడు, కొన్నింటిని చున్నీ దయతలుస్తుంది. దసరాకి బండికి పూజ చేసి కట్టిన బంతిపూల దండ చివరి అంకె మీద దీపావళి దాకా వాడుతూ వేలాడుతుంటుంది. ఇది భక్తి కాదు, మోసం అని పోలీసులు నంబరు దాచినవాళ్ళ మీద చీటింగ్ కేసులు కూడా పెట్టారు.

వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టాను. జవాబు రాలేదు. బహుశా అది కూడా షోరూమ్ కుర్రాడికే వెళ్ళి ఉంటుంది.

ఈలోగా డిసెంబరు 26 వచ్చింది. తమరి ఆషాఢం సేలు మార్గశిరంలో పడింది. బైకులకు 80 శాతం తగ్గింపు, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ 90. తోపుడు బండికి చలాన్ రాయడం ఒక వింత, దానికి తగ్గింపు ఇవ్వడం ఇంకో వింత, జామకాయలమ్మే మనిషి అది ఆన్‌లైన్లో కట్టడం మూడో వింత. 2022 మార్చిలోనూ ఇలాగే బైకులకు 75 శాతం తగ్గించారు. అప్పుడు నేను తలెత్తుకుని "నాకేం పెండింగ్ లేవు" అని తిరిగాను. ఇప్పుడు సరిగ్గా నెల ముందు పూర్తి ధర చెల్లించి ఉన్నాను.

మా బావమరిది ఫోన్ చేశాడు. వాడివి పదకొండు. రూపాయికి ఇరవై పైసల చొప్పున మంచం దిగకుండా తీర్చేశాడు.

"నువ్వు కట్టేశావా బావా?" అన్నాడు. "ఎప్పుడు?"

"నవంబరులో."

కాసేపు అవతల నిశ్శబ్దం. "అయ్యో. అక్కకి చెప్పావా?"

ఇంటల్లుడికి ఇంతకన్నా పరువు నష్టం ఏముంటుంది? గడువు జనవరి 10 అన్నారు, తర్వాత 31 అన్నారు, ఆ తర్వాత ఫిబ్రవరి 15 అన్నారు. తొందరపడి జనవరి మొదట్లోనే కట్టినందుకు వాడు కూడా కొంచెం బాధపడ్డాడు. ఇప్పుడు కొత్త చలాన్ వస్తే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా పక్కన పెడుతున్నాడు.

నేను మాత్రం సగం రోజు సెలవు పెట్టి స్టేషన్‌కి వెళ్ళాను. ఆర్సీ జిరాక్సు, ఫోటో ప్రింటు, తెల్ల కాగితం మీద అర్జీ. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకున్న ఒక పెద్దాయన అన్నీ చదివి, నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"నూట ముప్పై అయిదు రూపాయలకి ఇంత దూరం వచ్చిండ్రా సార్?"

"నాది కాదు కదండీ."

"కాదు లెండి. కానీ ఆఫర్ నడుస్తుంది కద. ఇరవయ్యో ముప్పయ్యో కట్టేస్తే పోయె."

అక్కడ నాకు తమరి గొప్పతనం అర్థమైంది. 2019 సెప్టెంబరు 1 నుంచి కేంద్రం చట్టంలో హెల్మెట్ ఫైను 1000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు వేటు కూడా. తెలంగాణ ఆ లెక్క తీసుకోలేదు, 100 దగ్గరే ఉంచింది. అది దయ అనుకున్నాను ఇన్నాళ్ళూ. వెయ్యి అయితే మనిషి కోర్టు దాకా వెళ్తాడు. 135 కోసం కొట్లాడితే పిసినారి అంటారు, ఊరుకుంటే రాత్రి నిద్ర పట్టదు. పెట్రోలు, జిరాక్సులు, పోయిన సగం జీతం కలిపితే తమరిని తప్పని నిరూపించడానికి తమరి కన్నా ఎక్కువ ఖర్చయింది. ఆ ధర ఎవరు నిర్ణయించారో గానీ, ఆ తల తమరి యూజర్లలో ఎవరికీ లేదు.

పెద్దాయన ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూశారు. "అవును, స్కూటరే." ఇంకా పెద్దది చేశారు. "ఈ స్కూటర్ ఓనర్ ఎవరో మరి, ఇంతవరకు వచ్చి ఇది నాది అని చెప్పలే." ఎవరైనా అలా చెబుతారా అని అడగబోయి మానుకున్నాను. తర్వాత మానిటర్ నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించారు. "ఇది ఎనిమిదేనంటరా? పక్కానా?"

స్క్రీన్ నిండా బురద చుక్క. దాని పైన ఆ పిల్ల, మెడ తిప్పి నా వైపే చూస్తోంది.

"ఎనిమిదే సార్" అన్నాను గట్టిగా. "పక్కా."

ఆయన ఏవో మీటలు నొక్కారు. నా ఖాతాలో సున్నా అయింది. గెలిచాను. గుమ్మం దాకా వచ్చాక తట్టింది, సున్నా అయింది నా దగ్గరే గానీ చలాన్ ఎక్కడికీ పోలేదని. ఒక అంకె పక్కకి జరిగిందంతే. సగం రోజు సెలవు పెట్టి, అర్జీ రాసి, సాక్ష్యం చెప్పి, ముక్కూ మొహం తెలియని ఒక తల్లిని నేనే పట్టించి వచ్చాను. జీతం లేని కానిస్టేబుల్‌ని.

కనుక తమరికి ఒకే ఒక్క విన్నపం. ఆవిడకి కబురు వెళ్ళేటప్పుడు ఆవిడ ఫోన్‌కే వెళ్ళేలా చూడండి, షోరూమ్ వాళ్ళకి కాదు. వీలైతే ఆఫర్ గడువు ముగియకముందే పంపండి.

ఉభయకుశలోపరి.

ఇట్లు,
తమ యూజర్