ముందు కాస్టింగ్ (సరుకుకయ్యే మొత్తం ఖర్చు లెక్క) నేర్పండి

శిక్షణ తీసుకుని పెట్టిన వ్యాపారాలు ఎక్కువగా నిలబడతాయని చిన్న వ్యాపారాల శిక్షణ మీద వచ్చిన వ్యాసంలో రాశారు. నిజమే, కానీ ఏం నేర్పారన్నది చూడాలి. ఇక్కడ అనంతపురంలో మా వదిన శెనక్కాయల చిక్కీలు చేసి అంగళ్లకు వేస్తుంది. మొదట్లో విత్తనాలు, బెల్లం ఖర్చు మాత్రమే లెక్కేసుకునేది. గ్యాస్, ప్యాకింగ్ కవర్లు, అంగడివాళ్ల కమీషన్, తన కూలి... ఇవేవీ లెక్కలోకి రాలేదు. గిరాకీ బాగానే ఉన్నా చేతిలో డబ్బు నిలిచేది కాదు. శిక్షణలో కాస్టింగ్ నేర్పాకే ధర మార్చింది. పీఎంఈజీపీ (చిన్న యూనిట్లు పెట్టేవాళ్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) సబ్సిడీ నేరుగా చేతికి రాదని, 3 ఏళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుందని కూడా అక్కడే తెలిసింది. అది తెలియక టెన్షన్ పడేవాళ్లు ఎందరో! పెద్ద పారిశ్రామికవేత్తల కథలు చెప్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టే క్లాసులు మాత్రం దండగ. ప్రాజెక్టు రిపోర్టు, జీఎస్టీ రిటర్నులు దగ్గర కూర్చోబెట్టి చేయించాలి.