బడికి పుట్టినరోజు కావలెను

జూన్ 30 సాయంత్రం గుంటూరులో శాలువాలకి, పూలదండలకి ఎక్కడలేని గిరాకీ. పెళ్ళి ముహూర్తాలుండి కాదు. ఆ రోజు ఏ ఆఫీసుకు వెళ్ళినా ఇద్దరో ముగ్గురో రిటైరవుతుంటారు. వాళ్ళంతా జూలై 1న పుట్టారు. ఒకటో తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలన్నది సర్కారు రూలు.

అంతమంది ఒకే రోజున ఎలా పుట్టారని పరాయి రాష్ట్రంవాడు అడగొచ్చు గానీ మనం అడగం. కన్నతల్లిని అడిగితే "పుష్కరాలు వెళ్ళిన ఏడు, మిరపకోతలప్పుడు" అంటుంది. ఆవిడ మాట చెల్లదు. బళ్ళో వేసిన రోజున హెడ్మాస్టరుగారు కుర్రాణ్ణి ఎగాదిగా చూశారు. కుడిచెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు. చెవి అందింది కాబట్టి అయిదేళ్ళు నిండాయని తేల్చి, బడి తెరిచింది ఆ రోజుల్లోనే కాబట్టి రిజిస్టరులో జూలై 1 అని రాసిపారేశారు. ఆ తేదీయే ఎస్సెల్సీ పుస్తకంలోకి, సర్వీసు రిజిస్టరులోకి, పెన్షను కాగితాల్లోకి నడిచింది. కేంద్ర సర్కారు కొలువులో ఉన్నవాళ్ళకి జూలై 1న పడాల్సిన ఇంక్రిమెంటు ఒక్క రోజు తేడాలో జారిపోయేది. ఏడాది పొడుగునా పనిచేసి మర్నాడు ఇంక్రిమెంటు అనగా దిగిపోయినవాళ్ళకీ అది ఇవ్వాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒక పల్లెటూరి హెడ్మాస్టరు సిరాబుడ్డికి ఉన్న పవరు ఢిల్లీలో చాలామందికి లేదు.

ఇంతమందికి పుట్టినతేదీలు పంచిపెట్టిన బడిని "అమ్మా, మరి నీ పుట్టినతేదీ ఏదీ?" అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతుంది.

మా ఊళ్ళో ఒక పాత హైస్కూలుకి శతాబ్ది చేయాలో, నూట పాతికేళ్ళ పండగ చేయాలో, ఇంకా పెద్దది చేయాలో తేలక పూర్వ విద్యార్థుల కమిటీ నలిగిపోతోంది. బడి పేరు చెప్పను. చెబితే అన్ని వర్గాలూ కలిసి నా మీద పడతాయి. వాళ్ళు కలవడం మంచిదే కానీ అది నా ఖర్చుతో కాకూడదు.

తప్పు కమిటీది కాదు. ఆ రోజుల్లో బడులు పుట్టిన తీరే అంత. ఊళ్ళో పేరున్న మిషన్ బడుల సంగతే చూడండి. ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ 1842 జూలై 31న గుంటూరు వచ్చాడు. పుట్టింది జర్మనీలో, పంపింది అమెరికావాళ్ళు, దిగింది డొక్కల కరువు దెబ్బనుంచి పదేళ్ళయినా తేరుకోని గుంటూరులో. ఇక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయన్ని ఉండిపొమ్మని, తాను నడిపిస్తున్న ఇంగ్లీషు బడిని ఆయన చేతికి అప్పగించాడు. ఇప్పుడు చెప్పండి, ఆ బడి కన్నవాడిదా, పెంచినవాడిదా? ఆ మిషన్‌వాళ్ళే 1885లో కాలేజీ పెట్టారు. ఇవాళ్టి ఏసీ కాలేజీ, అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ, అదే. అంటే 1842కి ఓ లెక్క, దానికి ముందు ఓ లెక్క, 1885కి ఓ లెక్క. హయ్యర్‌గారు పుట్టింది మాత్రం 1793 జూలై 10న. ఆయన పుట్టినరోజు మీద ఎవరికీ పేచీ లేదు, ఎందుకంటే ఆయన మన దగ్గర చదువుకోలేదు.

మిషన్‌వాళ్ళవే కాదు, మనవాళ్ళు చందాలు పోగుచేసి పెట్టుకున్న బడులదీ అదే కథ. ఒక వకీలుగారి అరుగు మీదో, సత్రం వసారాలోనో ఓ పంతులు, నలుగురు పిల్లలు. నిన్నటిదాకా ఇసుకలో అక్షరాలు దిద్దించి, పెద్దబాలశిక్ష వల్లె వేయించి, మాట వినని వాణ్ణి కోదండం వేసి తాడుకి వేలాడదీసిన వీధిబడి అది. దానికి ఓ ఇంగ్లీషు మాస్టారు తోడైతే ఫస్ట్ ఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి. మరుసటేడు సెకండ్ ఫారం. అలా ఏడాదికో మెట్టు ఎక్కి సిక్స్త్ ఫారం చేరి, కుర్రాళ్ళని మెట్రిక్యులేషన్‌కి పంపినప్పుడు గానీ అది హైస్కూలు కాలేదు. కమిటీలో అరుగు వర్గం, ఫస్ట్ ఫారం వర్గం, సిక్స్త్ ఫారం వర్గం, శంకుస్థాపన వర్గం అని నాలుగున్నాయి. శంకుస్థాపన వర్గానికి గట్టి ఆధారముంది: గోడలో రాయి. ఆ రాయి మీద సంవత్సరం ఉన్నచోట పూర్వం ఎవరో సున్నం కొట్టారు, దాని మీద పసుపు రంగు పడింది, దాని మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాసి ఉంది. కొబ్బరిపీచుతో రుద్దితే మొదట దొరగారి పేరు బయటపడింది. ఇంకా రుద్దితే అదీ పోయింది.

సిక్స్త్ ఫారం వర్గం నాయకుడు రిటైర్డ్ లెక్చరరు. ఆయన వాదన బరువైనది. "ఏవండీ, పాసైనవాడే లేనప్పుడు అది బడెలా అవుతుందండీ?" అంటారాయన. ఇది కొత్త మాటేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1860ల నుంచి కొన్ని దశాబ్దాలు సర్కారు గ్రాంటు అలాగే ఇచ్చేది. ఇన్‌స్పెక్టరు దొర వచ్చి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, చదివించి, లెక్క చేయించి, పాసైన బుర్రకి ఇంత అని చేతిలో పెట్టేవాడు. తప్పిన బుర్రకి సున్నా. దాంతో పంతుళ్ళు పాసయ్యేవాణ్ణి చంకనెత్తుకుని, తప్పేవాణ్ణి వెనక బల్లకి తోశారు. ఈ ర్యాంకుల యాపారం నిన్నగాక మొన్న గుంటూరు, బెజవాడల్లో పుట్టిన కార్పొరేట్ కాలేజీల కనిపెట్టుడనుకుని తిట్టిపోసేవాళ్ళకి నా మనవి: పాపం, వాళ్ళు మన ప్రాచీన సంప్రదాయాన్ని నిలబెడుతున్నారు. తేడా అల్లా ఒకటే, అప్పుడు పాసైనవాడి మీద సర్కారు డబ్బిచ్చేది. ఇప్పుడు ఆ భాగ్యం తండ్రికి దక్కింది.

ఈ గొడవ తేలకుండానే సావనీరు పని మొదలైంది. గొప్ప పూర్వ విద్యార్థుల పేజీలు ముందే నిండిపోయాయి. అందులో సగం మంది స్వాతంత్ర్య యోధులు. 1921 మార్చి 31న బెజవాడలో కాంగ్రెస్ పెద్దలు సభ చేరినప్పుడు గాంధీగారు వచ్చారు. సర్కారు బళ్ళు వదలండన్న పిలుపు అప్పటికే ఊరూరా మోగుతోంది. వదిలినవాళ్ళు వదిలారు. మరుసటేడే గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టారు. ఇంతకీ విషయమేమిటంటే, మా బడికి దణ్ణం పెట్టి బయటికి పోయినవాళ్ళంతా ఇప్పుడు మా బడి గర్వించే బిడ్డలు. బుద్ధిగా కూర్చుని చదివి, గుమాస్తాలై, జూన్ 30న దిగిపోయినవాళ్ళకి పేజీ లేదు, చందా రశీదు మాత్రం ఉంది. ఎన్టీఆర్ బళ్ళో చదివింది బెజవాడలో, డిగ్రీ చేసింది ఏసీ కాలేజీలో. అయినా ఆయన మా బడి గోడవారగా నడిచి వెళ్ళే అవకాశం ఉన్నందున అరపేజీ ఇచ్చారు.

నిజానికి సంవత్సరాన్ని తేల్చేది చరిత్ర కాదు, మంత్రిగారి డేట్. ఆయన పీఏ "మామూలు వార్షికోత్సవాలకి రారు బాబాయ్, నూట యాభై అయితే చూద్దాం" అన్నాడట. ఆ మర్నాటి నుంచి అరుగు వర్గానికి ఆధారాలు పెరిగాయి. తాతగారి ట్రంకుపెట్టెలోంచి ఒకాయన కాగితం కూడా తెచ్చాడు. చూస్తే అది కిరాణా పద్దు, కానీ పాతదే.

నా సూచన ఒక్కటే. బడి పిల్లలకి ఏ పద్ధతి వాడిందో బడికీ అదే వాడదాం. ఇప్పటి హెడ్మాస్టరుగారు కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి పేజీలో విద్యార్థి పేరు దగ్గర బడి పేరు రాసి, పుట్టినతేదీ దగ్గర జూలై 1 అని వేసి సంతకం పెట్టాలి. చెవి పరీక్ష అక్కర్లేదు. గోడలు ఎలాగూ ఒరిగే ఉన్నాయి.

దీనికి ఓ కుర్ర వకీలు అడ్డు తగిలాడు. జనన మరణ రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించారని, ఇక పుట్టినతేదీకి బర్త్ సర్టిఫికెట్ తప్ప ఏదీ చెల్లదని, హెడ్మాస్టర్ల జమానా అయిపోయిందని సెల్‌ఫోన్‌లో చూపించాడు. కమిటీలో టెన్షన్. అప్పుడు లెక్చరరుగారు కళ్ళద్దాలు సవరించుకుని, ఆ నిబంధన 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకే వర్తిస్తుందని చదివి వినిపించారు. మన బడి అంతకుముందే పుట్టిందనడానికి ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. నాలుగు వర్గాల్లో ఒక్కరూ నోరెత్తలేదు. మినిట్స్ పుస్తకంలో ఏకగ్రీవం అని రాసి ఉన్న తీర్మానం అదొక్కటే. రోజూ నెలా ఖాయమయ్యాయి. సంవత్సరం సంగతి మంత్రిగారి పీఏని అడిగి చెబుతామన్నారు.