రెంటికీ చెడ్డ రేవడి కావలెను

గణిత శాఖవాళ్లు ఉద్యోగ ప్రకటన రాయడం ఆషామాషీ వ్యవహారం కాదు. ‘గణిత జీవశాస్త్రం లేదా కంప్యూటేషనల్ గణితంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావలెను’ అన్న ఒక్క ముక్క వెనక ఎన్ని మీటింగులు, ఎన్ని అలకలు! ఆ ‘లేదా’ను గమనించండి. జీవకణాలవైపు మొగ్గినవాళ్లకూ, కంప్యూటర్లవైపు మొగ్గినవాళ్లకూ మధ్య కుదిరిన సంధి అది. వెంటనే వచ్చే ‘ఇతర రంగాల్లోని అసాధారణ ప్రతిభావంతులనూ పరిశీలిస్తాం’ అన్న వాక్యం, ఈ రెండూ అక్కర్లేదనుకునే బీజగణితంవాళ్లు ఆ సంధిమీద పెట్టిన సంతకం. ‘శాఖల మధ్య వారధిగా నిలవాలి’ అన్నది డీన్ గారి సంతోషం కోసం. వారధి అన్నాక అందరూ దానిమీదుగా నడుస్తారన్న సంగతి అభ్యర్థికి చేరాక తెలుస్తుంది.

సెలక్షన్ కమిటీలంటే లోకానికి చిన్నచూపు. వాటి తరఫున మాట్లాడేవాడు ఒక్కడైనా ఉండాలి కాబట్టి ఆ బరువు నేను ఎత్తుకుంటున్నాను.

ముందు కమిటీ ఎదుర్కొనే కష్టాన్ని అర్థం చేసుకోవాలి. వచ్చిన దరఖాస్తుల్లో గణితం తెలిసినవాళ్లుంటారు, జీవశాస్త్రం తెలిసినవాళ్లుంటారు, కోడ్ రాయగలిగినవాళ్లుంటారు. ఖర్మకాలి, ప్రకటనలో అడిగినట్టే మూడూ తెలిసినవాళ్లు కూడా కొందరుంటారు. చిక్కంతా వీళ్లతోనే. గణిత విశ్లేషణ చెప్పే ప్రొఫెసర్ ‘సిద్ధాంతం ఏది?’ అంటారు. పొరుగు శాఖనుంచి పిలిచిన జీవశాస్త్రవేత్త (మొదటి మీటింగుకు మాత్రం తప్పకుండా వస్తారు) ‘ప్రయోగం ఏది?’ అంటారు. న్యూమరికల్ అనాలిసిస్ (కంప్యూటర్‌తో లెక్కలు తేల్చే పద్ధతులు) ఆయన ‘వెయ్యి ప్రాసెసర్లమీద నడుస్తుందా?’ అంటారు. మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. ఏ ఒక్కదానికైనా పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లు మిగతా రెండూ చేయనివాళ్లేనన్నది కమిటీ తప్పు కాదు.

పేర్ల వరస ఒకటుంది, పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. గణితంలో వ్యాసకర్తల పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. జీవశాస్త్రంలో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. అందువల్ల ఇంటిపేరు ‘జెడ్’తో మొదలయ్యే అభ్యర్థి, పీహెచ్‌డీ అయిన మర్నాటికే పెద్ద ల్యాబుకు అధిపతి అయ్యాడని జీవశాస్త్రవేత్త ముచ్చటపడతారు. అదే అభ్యర్థి పధ్నాలుగుమంది రాసిన కేన్సర్ వ్యాసంలో ఏడో పేరుగా కనిపిస్తే, గణితంవాళ్లు ఆ వ్యాసాన్ని పధ్నాలుగుతో భాగించి, శేషాన్ని వదిలేసి, ‘అక్షరక్రమం కూడా పాటించని జర్నల్’ అని మార్జిన్‌లో రాసుకుంటారు.

కోడ్ విషయంలో మాత్రం కమిటీ ఏకగ్రీవం. వేలమంది వాడే సాఫ్ట్‌వేర్ రాయడం పనే గానీ పరిశోధన కాదు. దీనికి ఘనమైన పూర్వాచారం ఉంది. 1955లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఫెర్మీ, పాస్తా, ఊలమ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తల పేర ఒక నివేదిక వచ్చింది. కంప్యూటర్‌తో గణిత ప్రయోగం చేయడమన్న ఆలోచనకే అది ఆదిపర్వం. అక్కడి మానియాక్ అనే కంప్యూటర్‌కు ఆ లెక్కను ప్రోగ్రామ్‌గా రాసింది మేరీ సింగూ. నివేదికలో ‘పని చేసినవారు’ అన్నచోట ఆమెతో కలిపి నాలుగు పేర్లు, ‘నివేదిక రాసినవారు’ అన్నచోట మూడు పేర్లు వేశారు. లోకం దశాబ్దాలపాటు ఆ మూడింటినే చెప్పుకుంది. పని చేసేవాళ్లకూ రాసేవాళ్లకూ తేడా మా కమిటీలు కొత్తగా కనిపెట్టింది కాదు.

‘ఇలా వడపోస్తే గొప్పవాళ్లు జారిపోరా?’ అని కొందరు అమాయకంగా అడుగుతారు. సరే, గొప్పవాళ్లనే పిలుద్దాం. 1952 సంవత్సరం తీసుకుందాం, ఈ రంగానికి అంతకంటే మంచి పంట పండిన ఏడాది లేదు.

బ్రిటిష్ గణితజ్ఞుడు అలన్ ట్యూరింగ్. జంతువుల ఒంటిమీద మచ్చలూ చారలూ ఎలా ఏర్పడతాయో రెండు రసాయనాల వ్యాపనం, చర్యలతో వివరించే వ్యాసం ఆ ఏడే అచ్చయింది. ప్రయోగాలు లేవు. పైగా తన నమూనా ఒక సరళీకరణ, కాబట్టి ఒక విధంగా అబద్ధమేనని మొదట్లోనే ఒప్పుకున్నాడు. దరఖాస్తుతో జతచేసే రీసెర్చ్ స్టేట్‌మెంట్‌లో ఇలాంటి మాట రాసేవాడికి ఏ సలహాదారూ లేడా? పోనీ పని తేలిందా అంటే, అలాంటి ఆకృతులు రసాయన ప్రయోగశాలలో స్పష్టంగా కనిపించింది 1990లో. ఉద్యోగం శాశ్వతం చేయాలా వద్దా అని తేల్చే టెన్యూర్ సమీక్ష ఆరో ఏట జరుగుతుంది. కమిటీ ఎంత ఉదారంగా ఉన్నా ముప్పై ఎనిమిదేళ్ల పొడిగింపు ఇవ్వలేదు కదా.

అదే ఏడాది హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువులో విద్యుత్తు ఎలా పరుగెడుతుందో సమీకరణాల్లో పెట్టారు. ప్రయోగం ఉంది, సమీకరణాలున్నాయి, సమాధానమూ ఉంది. ఇక లోటేమిటి? కేంబ్రిడ్జ్‌లోని ఎడ్‌శాక్ కంప్యూటర్ మార్పుల కోసం ఆగిపోవడంతో హక్స్‌లీ ఆ లెక్కంతా చేత్తో తిప్పే బ్రున్స్‌విగా యంత్రంమీద వారాల తరబడి చేశాడు. హై పెర్‌ఫార్మెన్స్ కంప్యూటింగ్ అనుభవం: శూన్యం. పైగా నాలుగు సమీకరణాలకు పరిష్కారం ఉందని ముందుగా నిరూపించనేలేదు. 1963లో నోబెల్ వచ్చిందంటే అది స్టాక్‌హోమ్ కమిటీ ప్రమాణాల సంగతి, వాళ్లకు క్యాలిక్యులస్ క్లాసులు చెప్పించాల్సిన బాధ్యత లేదు.

1927లో అంటువ్యాధుల గణితానికి పునాది వేసిన కెర్మాక్, మెకెండ్రిక్‌ల దరఖాస్తు అసలు తెరవనక్కర్లేదు. ఒకరు ల్యాబ్ ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న రసాయనవేత్త, ఇంకొకరు సైన్యంలో పనిచేసిన డాక్టరు. హార్డీ సంగతి వేరు, ఆయన కల్మషం లేని శుద్ధ గణితజ్ఞుడు, ఎక్కడైనా ఎదురెళ్లి తెచ్చుకోవాల్సినవాడు. అయితే 1908లో ‘సైన్స్’ పత్రికకు జన్యువుల నిష్పత్తిమీద ఒక చిన్న ఉత్తరం రాశాడు. అందులో ఉన్నది బడిపిల్లల స్థాయి గుణకారం. జనాభా జన్యుశాస్త్ర పుస్తకాలు ఇప్పటికీ దాన్ని తొలి పాఠాల్లో ఒకటిగా చెప్పుకుంటున్నాయి. ఆ ఒక్క పంక్తినీ సీవీలోంచి తీసేయమని కమిటీ అధ్యక్షులు ఫోన్లో మర్యాదగా చెబుతారు.

సిఫారసు లేఖల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ‘గత పదేళ్లలో నేను చూసినవారిలో మొదటి ముగ్గురిలో ఒకరు’ అని ఒకే ప్రొఫెసర్ ఎనిమిదిమందికి రాస్తారు. గణిత విభాగమే ఆ లెక్కను సరిచూడకుండా వదిలేస్తుందంటే వాళ్ల పెద్దమనసు తెలుస్తుంది.

అసలు అందం సెమినార్‌లో ఉంది. కణవిభజనకు అవకలన సమీకరణాలు రాసి, వాటిని సాధించే కొత్త పద్ధతిని అభ్యర్థి చూపిస్తుంది. ‘పరిష్కారం ఉనికిలో ఉందని రుజువు చేశారా?’ అని ముందు వరసలోంచి ప్రశ్న. ‘కణం బతికే ఉందండీ’ అనకూడదు. అన్నవాళ్లు రెండో రౌండు దాటరు. జీవశాస్త్రవేత్త చెయ్యెత్తి, ‘ఇందులో నేను పనిచేసే ప్రోటీన్ ఎక్కడుంది?’ అంటారు. ఆమె తెరమీద మూడో సమీకరణంలో ఒక అక్షరం చూపిస్తుంది. ఆయన జీవితకాలపు కృషి అంతా ఒక స్థిరాంకం, అదీ ‘ఒకటి’ అనుకుంటే సరిపోతుందని పక్కనే రాసి ఉంటుంది. ఆయన ఓటు అక్కడితో పోతుంది.

ఇన్ని వడపోతల తర్వాత సాధారణంగా ఎంపికయ్యేది ఎవరంటే, పాక్షిక అవకలన సమీకరణాలమీద నికార్సైన సిద్ధాంతాలు రాసి, ఉపోద్ఘాతం మొదటి పేరాలో ‘కణితి’ అన్న మాట వాడినవారు. కణితి మళ్లీ ఆ వ్యాసంలో ఎక్కడా కనిపించదు. ఇంతకంటే పొదుపైన చికిత్సను వైద్యశాస్త్రం ఇంకా కనుక్కోలేదు.

ఎప్పుడో ఒక ఏడాది, కమిటీలో సగంమంది సెలవులో ఉండగా, నిజంగా గణితం, జీవశాస్త్రం రెండూ తెలిసిన మనిషి ఎంపికైపోతుంది. అప్పుడు ఆమెను ఉమ్మడి నియామకం అంటారు. అంటే సగం జీతం ఒక శాఖ, సగం జీతం ఇంకో శాఖ ఇస్తాయి. మీటింగులు మాత్రం రెండుచోట్లా పూర్తిగా ఉంటాయి. ఆమె గది ఎదుటి భవనంలో ఉందని రెండు శాఖలూ నమ్ముతాయి. ఆరో ఏడు రాగానే టెన్యూర్ ఫైలు బయటికి తీస్తారు. ఆమె రంగంలో నిష్ణాతులైన బయటివాళ్ల లేఖలు కావాలి, వాళ్లు ఆమెతో కలిసి పనిచేసినవాళ్లై ఉండకూడదు. ఇది మంచి నిబంధన, పక్షపాతాన్ని వేరుతో సహా పీకేస్తుంది. అయితే ఆ రంగమే చిన్నది. అందులో నిష్ణాతులనదగ్గ ప్రతివారూ ఏదో ఒక వ్యాసంలో ఆమెతో కలిసి పేరు వేసుకున్నవారే. కనుక నియమం ప్రకారం, ఆ రంగంతో ఏ సంబంధమూ లేని పెద్దమనుషులకు లేఖలు వెళ్తాయి. వాళ్లు నిజాయితీపరులు. ‘ఈ వ్యక్తి పని నాకు తెలియదు’ అని తిరుగు టపాలో రాస్తారు. ‘అంతర్జాతీయ గుర్తింపు కొరవడింది’ అని డీన్ గారు ఫైలుమీద రాసి సంతకం పెడతారు.