చిన్న పిల్లల సాయంత్రాలు వాళ్లకే వదిలేయండి

రెండో తరగతి దాకా పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదో తరగతి వాళ్లకు వారం మొత్తం మీద రెండు గంటలకు మించకూడదు. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట చాలు. 2020లో కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన బడిసంచి విధానం చెప్పిన లెక్క ఇది. మన పట్టణాల్లో ఏ యూకేజీ పిల్ల డైరీ తెరిచినా ఇందుకు పూర్తి విరుద్ధంగా కనిపిస్తుంది. రెండు పేజీల కర్సివ్ రైటింగ్, రెండో ఎక్కం మూడుసార్లు, రైమ్స్ బట్టీ, రేపు డిక్టేషన్. ఐదేళ్ల పిల్లకు ఇంత పనా?

ఇది కొత్తగా వచ్చిన ఆలోచన కూడా కాదు. భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పాటైన కమిటీ 1993లోనే ప్రాథమిక తరగతుల పిల్లలకు హోంవర్క్ వద్దని చెప్పింది. ఇంటి చుట్టూ ఉన్నవాటిని చూసి తెలుసుకునే పనులకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఆపాలని 2018లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది, ఆ ఏడాదే కేంద్రం రాష్ట్రాలకు అదే మాట రాసింది. అంతకు ఏడాది ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో హోంవర్క్ వద్దంటూ ఉత్తర్వు ఇచ్చింది. ఇన్ని కాగితాలున్నా ఫలితం లేకపోవడానికి కారణం ఒక్కటే. ఉత్తర్వు ఇచ్చాక బడికి వెళ్లి పిల్లల డైరీ తీసి చూసినవాళ్లు లేరు.

మూడో తరగతి పిల్లవాడినే తీసుకుందాం. తెలుగు, ఇంగ్లిష్, హిందీ, లెక్కలు, సైన్స్, సోషల్ కలిపి ఆరు సబ్జెక్టులు. ఒక్కో టీచర్ పది నిమిషాల పనే ఇచ్చారనుకున్నా రోజుకు గంట, వారానికి ఆరు గంటలు. అంటే విధానం చెప్పినదానికి మూడు రెట్లు. ఏ టీచరూ పిల్లవాడిని ఏడిపించాలని ఇవ్వరు. ఎవరికి వాళ్లకు తాము ఇచ్చింది కొంచెమే అనిపిస్తుంది. అన్నీ కలిపితే ఎంతవుతుందో కూడి చూసే మనిషే బడిలో లేరు. వీటికి తోడు నెలకోసారి ప్రాజెక్టు వర్క్. చార్టులు, థర్మాకోల్, స్టికర్లు కొని రాత్రి పదకొండు దాకా దాన్ని తయారుచేసేది తల్లే అని టీచర్‌కూ తెలుసు, తల్లికీ తెలుసు. అయినా మార్కులు పిల్లవాడికే పడతాయి.

చిన్న తరగతుల్లో హోంవర్క్ నిజంగా పడుతున్నది తల్లుల మీద. చదువుకున్న తల్లి ఉద్యోగం నుంచి వచ్చి, వంట ముగించి, నిద్రకు జోగుతున్న పిల్లను కూర్చోబెట్టి రాయిస్తుంది. తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివిన తల్లి ఇంగ్లిష్ మీడియం పుస్తకం తెరిచి ఏమీ చెప్పలేక, ఒకటో తరగతికే ట్యూషన్ పెట్టిస్తుంది. కూలికి వెళ్లే ఇంట్లో ఆ డబ్బు కూడా ఉండదు. మర్నాడు ఆ పిల్లే హోంవర్క్ చేయలేదని తరగతిలో నిలబడుతుంది. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. అమ్మకు ఇంగ్లిష్ రాకపోవడం వల్ల ఆరేళ్ల పిల్లను అందరి ముందూ నిలబెట్టడం మానసిక వేధింపే అని మేము భావిస్తున్నాం.

తల్లిదండ్రులతో కూడా ఒక మాట చెప్పాలి. హోంవర్క్ తగ్గిస్తే ముందుగా వచ్చి అడిగేది తల్లిదండ్రులేనని బడుల యాజమాన్యాలు అంటున్నాయి. అందులో నిజం ఉంది. వేలకు వేలు ఫీజు కట్టినవాళ్లకు నిండిన నోట్‌బుక్కే కంటికి కనిపించే రుజువు. పక్కింటి పిల్లవాడు ఏడో ఎక్కం చెబుతుంటే మనవాడు వెనకబడిపోతాడన్న టెన్షన్ సహజమే. అయితే అమెరికాలో దశాబ్దాలుగా జరిగిన హోంవర్క్ పరిశోధనలను డ్యూక్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హ్యారిస్ కూపర్ బృందం 2006లో ఒకచోట చేర్చి పరిశీలిస్తే, పెద్ద తరగతుల్లో హోంవర్క్‌కూ మార్కులకూ మధ్య కనిపించిన సంబంధం చిన్న తరగతుల్లో చాలా బలహీనంగా ఉంది. చదువుల పోటీకి పేరుపడ్డ చైనా కూడా 2021లో ఒకటి, రెండు తరగతులకు రాతపూర్వక హోంవర్క్ ఆపేసింది.

ప్రభుత్వ బడుల విషయంలో వినిపించే ఇంకో వాదన బలమైనదే. ఐదో తరగతికి వచ్చినా కొందరు పిల్లలు చిన్న పేరా కూడా తడుముకోకుండా చదవలేకపోతున్నారు, ఇంటి దగ్గర సాధన లేకపోతే ఎలా అని టీచర్లే అడుగుతున్నారు. సాధన కావాలి, సందేహం లేదు. కానీ చదవడం రాని పిల్లకు తప్పు దిద్దే మనిషి పక్కన ఉండాలి. ఇంట్లో ఆ మనిషి లేకపోబట్టే కదా బడి! ప్రాథమిక తరగతులకు ఏటా 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ గంటల్లో టీచర్ వేరే పనుల మీద తిరగకుండా తరగతిలో ఉండేలా చూడటమే అసలు మందు.

మరి ఇంటికి వచ్చాక పిల్లలు ఏం చేయాలి? ఆడుకోవాలి. వామనగుంటలు ఆడే పిల్ల గింజలు పంచుతూ లెక్క నేర్చుకుంటుంది, అష్టాచెమ్మాలో ముందు ఎత్తు ఆలోచిస్తుంది. నాయనమ్మ పొడుపు కథ వేస్తే మాటల్ని తిప్పి చూడటం వస్తుంది. నాన్నతో కూరగాయల బజారుకు వెళితే పావుకిలో, అరకిలో పుస్తకం లేకుండానే తెలుస్తాయి. సాయంత్రం ఏం ఆడారో, ఏం తిన్నారో చిన్న పిల్లల చేత తరగతిలో చెప్పించమని 2020 విధానం సూచించింది. ఇంటి సంగతులు నాలుగు వాక్యాల్లో ధైర్యంగా చెప్పగల పిల్ల రేపు నాలుగు వాక్యాలు రాయగలదు కూడా. ఇష్టమున్న పిల్లలు బడి లైబ్రరీ నుంచి బొమ్మల కథల పుస్తకం ఇంటికి తీసుకువెళ్లి చదివితే సంతోషం. అందులోంచి ప్రశ్నలు, జవాబులు అడగకుండా ఉంటే చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ మళ్లీ కొత్త ఉత్తర్వు ఇవ్వనక్కర్లేదు. ఉన్నదాన్ని అమలు చేయాలి. మండల విద్యాధికారి తనిఖీకి వెళ్లినప్పుడు ప్రతి తరగతిలో కొన్ని డైరీలు చూసి, ఏ రోజు ఎంత పని ఇచ్చారో తన నివేదికలో రాయాలి. మూడు నుంచి ఐదో తరగతి వరకు ఏ వారం ఏ సబ్జెక్టుకు హోంవర్క్ ఉంటుందో క్లాస్ టీచర్ ఒక టైంటేబుల్ వేసి, మొత్తం రెండు గంటలు దాటకుండా చూడాలి. ప్రైవేటు బడుల గుర్తింపును పునరుద్ధరించే ముందు ఫైర్ సర్టిఫికెట్, ఆటస్థలం గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి. పదే పదే ఉల్లంఘించే బడికి ముందు నోటీసు, తర్వాత జరిమానా వేయాలి. ఎల్‌కేజీ, యూకేజీల పేరుతో నడిచే తరగతులనూ ఈ తనిఖీ నుంచి వదిలేయకూడదు. బడి నుంచి ఇంటికి రాత పని రావడం మొదలవుతున్నది అక్కడే.