సవరణ: బార్లలో పొగ నిషేధం, ప్రత్యేక గది మాట

నాలుగు గోడల మధ్య పొగతాగడంపై నిషేధం గురించి రాసిన గత పోస్టులో, బార్లలో పొగతాగేవాళ్లకు మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లున్న ప్రత్యేక గది ఉంటే వాళ్ల హక్కూ, పొగతాగనివాళ్ల హక్కూ రెండూ నిలబడతాయని ఒక వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. ఆ స్థానంలో ఇది చదవండి.

ఫ్యాన్లు వాసన తగ్గిస్తాయి, కంటికి కనిపించే పొగను పలచన చేస్తాయి. ప్రమాదాన్ని మాత్రం తీసేయలేవు. పక్కవాళ్లు పీల్చే పొగలో ఎక్కువ భాగం తాగే మనిషి ఊదింది కాదు. రెండు దమ్ముల మధ్య, వేళ్ల సందున ఊరికే కాలే సిగరెట్ కొస నుంచి లేచేది. అది ఫ్యాన్ దాకా వెళ్లేలోపే పక్కవాళ్ల ముక్కుకు చేరుతుంది. ఇందులో సురక్షితమైన మోతాదంటూ లేదని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన అధికారి) నివేదిక 2006లోనే తేల్చింది.

అసలు ఆ గదిలో గ్లాసులు అందించేది, యాష్‌ట్రేలు తీసేది ఎవరు? కస్టమర్ కాసేపట్లో లేచి వెళ్లిపోతాడు, నచ్చకపోతే రానే రాడు. వెయిటర్ షిఫ్టంతా అక్కడే తిరగాలి. ‘ఇష్టం లేకపోతే వేరే పని చూసుకో’ అనడం అన్యాయం. ఐర్లండ్ 2004 మార్చి 29న పబ్బులతో సహా దాదాపు అన్ని పనిచోట్లా నిషేధం తెచ్చింది ఉద్యోగుల ఆరోగ్యం కోసమే.

పొగతాగడాన్నే నేరం చేయాలని నా వాదన కాదు. బయటికెళ్లి తాగే స్వేచ్ఛ ఉండాల్సిందే. మానలేనివాళ్లను చులకన చేయడం నాకు నచ్చదు, నికోటిన్ పట్టు అంత గట్టిది. పోస్టులో మిగతాదంతా యథాతథం.