కుర్చీని వేలాడదీయడం ఎట్లా?

చిన్న నాటకాల్లోకి ప్రతీకాత్మక రంగాలంకరణ, అంటే ఒక వస్తువుతో పెద్ద భావాన్ని చూపే స్టేజీ సెట్టు, సిద్ధాంతం వెంట రాలేదు, వడ్రంగి చెప్పిన రేటు వెంట వచ్చింది. మూడు గోడలు, రెండు తలుపులు, మేడమెట్లు అని దర్శకుడు లెక్క చెబుతాడు. వడ్రంగి తన లెక్క చెబుతాడు. పొద్దుగూకేసరికి గోడలన్నీ పోయి ఒక కుర్చీ, ఒక తాడు మిగులుతాయి. దాని పేరు 'అధికారం'.

అధికారాన్ని వేలాడదీయడానికీ పద్ధతుంది. ఒక్క తాడుతో కడితే ఏసీ గాలికి గిరగిరా తిరిగి రెండో సీనుకల్లా జనానికి వీపు చూపిస్తుంది. చేతులకు రెండు, వీపు పైమూలలకు రెండు, మొత్తం నాలుగు చోట్ల సన్నటి ఇనుప తీగ కట్టి నల్లరంగు పూయాలి. నైలాన్ దారం కనబడదని అంగడాయన అంటాడు గానీ లైటు పడగానే తళతళమంటుంది. ఊగకుండా కాళ్లనుంచి నల్లదారం దించి నేలమీది ఇసుకమూటకు బిగించాలి. లైట్ల పైపుకు కట్టుకోనివ్వమంటే హాలు ఎలక్ట్రీషియన్ ఒప్పుకోడు. ఆయన మాట వినండి, కింద నటులుంటారు.

బరువు తగ్గుతుందని థర్మోకోల్‌తో న్యాయదేవతను చేసేవారు థిన్నర్ కలిపిన రంగు జోలికి పోవద్దు. ముక్కు ముందు కరుగుతుంది, తరవాత తక్కెడ. (వ్యవస్థ మీద అంత ఘాటు విమర్శ నాటకంలో ఉంటుందో ఉండదో, అది వేరే సంగతి.) నీళ్లతో కలిపే డిస్టెంపరే వాడాలి.

విప్లవానికి ఎర్రగుడ్డ తప్పదు. శాటిన్ అయితే మెరిసి పెళ్లిపందిరవుతుంది, కాబట్టి నూలుగుడ్డే కొనండి. లైటింగ్ అన్నతో ముందే మాట్లాడుకోవాలి. వెన్నెల కావాలని ఆయన నీలం ఒక్కటే వేశాడంటే ఎరుపు నల్లబడి, విప్లవం సంతాపసభలో ముగుస్తుంది.

ఇక చెట్టు. 1953లో పారిస్‌లో తొలిసారి ఆడిన, గోడో అనేవాడి కోసం ఇద్దరు ఎదురుచూస్తూనే ఉండే బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో'కు ఒక బాట, ఒక చెట్టు చాలు. 1961లో మళ్లీ ఆడినప్పుడు ఆ చెట్టును శిల్పి జకోమెట్టి చేసిచ్చాడు. మనకు జకోమెట్టి దొరకడు, కొమ్మ దొరుకుతుంది. అయితే తిరుపతిలో శేషాచలం వైపునుంచి ఆటోలో కొమ్మ తెస్తూ "ఇది మానవ నిరీక్షణకు ప్రతీక సార్" అంటే ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ నమ్మదు. కరెంటోళ్లు తీగల కింద కొట్టి పడేసింది తెచ్చుకోండి. ఆరడుగుల కొమ్మైతే పెయింటు డబ్బాలో ముందురోజే కాంక్రీటు పోసి నిలబెట్టాలి. ఒట్టి ఇసుకలో గుచ్చితే గోడో రాకముందే అది పడుకుంటుంది. అయినా సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లున్న ఊరికి నిరీక్షణను చెట్టు పెట్టి వివరించాలా?

చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడికాడ భారతం జరిగేటప్పుడు తపస్సుమాను పాతుతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ దాన్ని ఎక్కుతాడు. దుర్యోధనుణ్ణి మట్టితో నేలమీద పెద్దగా పడుకోబెడతారు, భీముడొచ్చి తొడ పగలగొడతాడు. ఆ మాను దేనికి ప్రతీక అని ఒక్కరూ అడగరు, మనిషి దాన్ని ఎక్కుతున్నాడు మరి. మన కుర్చీని మాత్రం నాటకమంతా ఎవరూ ముట్టరు. అందుకే వ్యాఖ్యాత ముందుగా మైకందుకుని "పైన కనిపించేది అధికారం" అని ప్రకటిస్తాడు. అప్పటికీ వెనక వరసలోంచి కేక వస్తుంది: "అన్నా, కుర్చీ దించేది మర్చిపోయినారా?"

రవాణా సంగతి. టాటా ఏస్ తొట్టి పొడవు సుమారు ఏడడుగులు, మన ఫ్లాటు, అంటే సెట్టుకు గోడలా నిలబెట్టే పలక, ఎనిమిది. సగానికి కోసి వెనకనుంచి మడతబందులు వేసుకోవాలి. విప్పినప్పుడు మధ్యలో సందు పడి, వెనక లైటు గీతలా బయటికొస్తుంది. దానిమీద మూడంగుళాల గుడ్డపట్టీ అంటించి అదే రంగు పూయాలి. హడావుడిలో పట్టీ మరిచారా, మరుసటిరోజు సమీక్షకుడు ఆ వెలుగుగీతను 'వర్గచీలిక' అని రాస్తాడు. ఖండించకండి, ఉత్తమ రంగాలంకరణ బహుమతి ఇంకా ప్రకటించలేదు.